కాఫీ గ్లాసు, కుప్పం వంపు

బెంగళూరు, ఆదివారం రాత్రి

అమ్మను వెంటబెట్టుకుని చెన్నై నుంచి ఉదయం రైలులో ఇల్లు చేరాను. జోలార్‌పేట దగ్గర పట్టాలు మారే చోట పెట్టె ఒక్కసారిగా పక్కకు ఊగి, అమ్మ చేతిలోని కాఫీ చీర కుచ్చిళ్ళ మీద ఒలికింది. “రైళ్ళ ఊపు గురించే కదరా నీ ఉద్యోగం, ఈ మాత్రం ఆపలేవా?” అని అడిగింది.

కిందికీ పైకీ వచ్చే కుదుపుల్లో సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవి ఒంటికి ఎక్కువ ఇబ్బంది. పక్క ఊపుల్లో మాత్రం 2 సార్ల లోపు వచ్చే నెమ్మది ఊపే బాధిస్తుంది. బోగీ మీద (వాడుకలో మనం పెట్టెనే బోగీ అంటాం గాని, రైల్వేవారి భాషలో అది చక్రాలున్న చట్రం) గాలి నింపిన ఎయిర్ స్ప్రింగులపై కూర్చున్న పెట్టె సహజంగా ఊగేది కూడా ఇంచుమించు ఆ లయలోనే. పట్టాల లోపాలు పైకి రాకూడదంటే ఆ అమరిక మెత్తగా ఉండాలి. సొరంగంలో గాలి నేరుగా పెట్టెనే తోసేటప్పుడు అదే అమరిక గట్టిగా ఉండాలి. మామూలు స్ప్రింగూ, ఊపును అణచే డాంపరూ ఈ రెంటి మధ్య రాజీ పడతాయే తప్ప రెండూ చేయలేవు.

1974లో ఇంజనీరు కార్నాప్, ఆయన సహచరులు ప్రతిపాదించిన ‘స్కైహుక్’ పద్ధతిలో, పెట్టెను ఆకాశంలోని ఒక కొక్కేనికి డాంపరుతో కట్టినట్టు ఊహించి, ఆ డాంపరు ఇచ్చే బలాన్ని బోగీకీ పెట్టెకూ మధ్యనున్న యాక్చుయేటరుతో (చెప్పినంత బలంతో తోసే, లాగే యంత్రం) పుట్టిస్తారు. ఇది చెప్పగానే అమ్మ “ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుంది” అని నవ్వింది. జపాన్‌లో 2011లో వచ్చిన ఈ5 షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) పెట్టెలన్నిటికీ పక్క ఊపును అణచే ఇలాంటి యాక్చుయేటర్లు ఉన్నాయని, 2013 నుంచి ఆ రైలు గంటకు 320 కిలోమీటర్లు పరుగెడుతోందని చెప్పాక గాని ఆమె నమ్మలేదు. మన దారుల్లో ముందు పట్టాల మీద పెట్టిన రూపాయే ఎక్కువ సుఖాన్నిస్తుందని నా అభిప్రాయం. అది ఆమెతో అనలేదు.

అసలు చిక్కు కొలతలో ఉంది. స్కైహుక్‌కు పెట్టె పక్కకు కదిలే వేగం కావాలి, సెన్సరు ఇచ్చేది త్వరణం. వేగం కోసం దాన్ని కూడుకుంటూ పోతే వంపుల్లో నిలకడగా ఉండే పక్క త్వరణం కూడా కలిసి, లేని ఊపును ఉన్నట్టు చూపుతుంది. అప్పుడు యాక్చుయేటరు వంపుతోనే పోరాడుతుంది. కిటికీ దగ్గర పెట్టిన ఫోనులో నమోదైన లెక్కను రాత్రి తెరిచి చూస్తే, కుప్పం ముందరి వంపుల్లో వేగపు గీత రైలు పక్క పొలాల్లోకి జారిపోతున్నట్టు ఎక్కుతూ పోయింది. మరీ నెమ్మదిగా మారేవాటిని తీసేసే ఫిల్టరు కటాఫ్ (ఎంత నెమ్మదివి తీసేయాలో చెప్పే హద్దు) పెంచితే గీత నేలకు దిగింది గాని, దానితోపాటు నేను వెతుకుతున్న నెమ్మది ఊపు కూడా సగం మాయమైంది. రెండు మూడు విలువలు మార్చి చూసి, పదకొండు దాటాక లాప్‌టాప్ మూశాను.