పట్టకారు

పదింటికి తెర మీద లూప్, అంటే నా పొర అయస్కాంతంలా ప్రవర్తిస్తోందని చెప్పే ముడి గీత, కనిపించగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అయిదు శాతం కోబాల్ట్ కలిపిన జింక్ ఆక్సైడ్, సఫైర్ మీద 100 నానోమీటర్ల పొర, అదీ గది ఉష్ణోగ్రతలో! అడుగున ఉన్న సఫైర్ ఇచ్చే వాలుగీతను తీసేస్తే మిగిలింది బక్కచిక్కిన ఎస్ ఆకారం, మధ్యలో సన్నని సందు. వెంటనే సార్‌కి పంపాను. ఆయన అడిగింది ఒకటే: "ముక్కని దేంతో పట్టుకున్నావమ్మా?"

స్టీలు పట్టకారుతో. ఇంకేం చెప్పను.

2004లో హాఫ్నియం ఆక్సైడ్ పొరల్లో అయస్కాంతత్వం ఉందని నేచర్ పత్రికలో వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఇంకో బృందం, స్టీలు పట్టకారు తగిలితే చాలు అలాంటి సంకేతమే వస్తుందని చూపించింది. ఈ కథ జూనియర్లకి చెప్పి నవ్వించింది నేనే.

లెక్కేశాను. నా లూప్ ఎత్తు ఒక ఈఎంయూలో (అయస్కాంతత్వాన్ని కొలిచే యూనిట్) లక్షో వంతుకు కాస్త ఎక్కువ. ఓ 20 మైక్రాన్ల ఇనుప రేణువు ఒక్కటి ఉంటే ఆ లక్షో వంతు వచ్చేస్తుంది. వెంట్రుక మందం కూడా లేదది! అయస్కాంతత్వాన్ని కొలిచే మా స్క్విడ్ యంత్రం ఇంతకన్నా ఎంతో చిన్న సంకేతాన్నీ పట్టేస్తుంది, కానీ అది ఎవరిదో మాత్రం చెప్పదు.

మధ్యాహ్నం పొర వేయని ఉత్త సఫైర్ ముక్కని అదే పట్టకారుతో అంచు దగ్గర పట్టి కొలిచాను. లూప్! ప్లాస్టిక్ పట్టకారుతో పట్టిన ఇంకో ముక్కలో వాలుగీత తప్ప ఏమీ లేదు. నా పొరని ఆమ్లంతో కడుగుదామంటే జింక్ ఆక్సైడే కరిగిపోతుంది. అదృష్టం కొద్దీ అదే విడతలో పక్కన పెట్టి వేసిన జంట ముక్క పెట్టెలో ఉంది, స్టీలు తగలనిది.

దానికీ లూప్ వచ్చింది. ఎత్తు మాత్రం మూడో వంతు.

ఏడుపు ఆగింది గానీ టెన్షన్ ఆగలేదు. కోబాల్ట్ కలిపిన టైటానియం డయాక్సైడ్ 2001లో గది ఉష్ణోగ్రతలోనే అయస్కాంతమైందని చెప్పిన దగ్గర్నుంచీ నడుస్తున్న తగవు ఈ మూడో వంతు గురించే. పొర వేసేటప్పుడు ఆక్సిజన్ తగ్గిస్తే అయస్కాంతత్వం పెరుగుతుంది. ఆక్సిజన్ లేని ఖాళీల దగ్గర చిక్కిన ఎలక్ట్రాన్లు చుట్టూ ఉన్న కోబాల్ట్ స్పిన్‌లను (అణువుల్లోని చిట్టి అయస్కాంతాలను) ఒకే దిక్కుకి తిప్పుతాయని 2005లో కోయ్ బృందం వాదించింది. నాకు నచ్చిన వివరణ ఇదే, పైగా థీసిస్‌కి అందంగా ఉంటుంది. కానీ అదే ఆక్సిజన్ కొరతలో కోబాల్ట్ లోహంగా విడిపోయి చిన్న చిన్న ముద్దలూ కట్టగలదు. లోహ కోబాల్ట్ అయస్కాంతత్వం 1,100 డిగ్రీల సెల్సియస్ దాకా పోదు. ముద్దలు రెండు మూడు నానోమీటర్లవైతే నా ఎక్స్‌రే గ్రాఫ్‌లో శిఖరం కూడా కనిపించదు. ఒకే మీట నొక్కితే రెండు దీపాలూ వెలుగుతున్నాయి, నేను చూసిన వెలుగు దేనిదో!

సాయంత్రం సార్‌కి రెండు గ్రాఫులూ ఒకే బొమ్మలో గీసి పంపాను. "అయిదు కెల్విన్ నుంచి మొదలుపెట్టు" అన్నారు, అంటే మైనస్ 268 డిగ్రీల సెల్సియస్. అయస్కాంత క్షేత్రం (ఫీల్డ్) లేకుండా చల్లార్చి ఒకసారి, ఫీల్డ్‌లో చల్లార్చి ఒకసారి. ముద్దల జాడ తెలియాలంటే రెండు గీతలూ ఎక్కడ విడిపోతాయో చూడాలి. యంత్రం రేపు రాత్రి తొమ్మిదికి ఖాళీ.

పెట్టెల మీద "ముట్టినది", "ముట్టనిది" అని రాసి పెట్టాను. స్టీలు పట్టకారుని అటక మీదకి ఎక్కించాను.