కాండోర్ గట్టు మీద నీలి సొరలు

లిస్బన్ నుంచి పడమరగా విమానంలో రెండున్నర గంటలు వస్తే అట్లాంటిక్ మధ్య, పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లోని ఫయాల్. అక్కడి ఓర్తా రేవు నుంచి ఆగస్టులో ఒక పొద్దున, నీలి సొరల్ని ఎరతో రప్పించి నీళ్లలో దిగి చూడ్డానికి రబ్బరు పడవలో బయల్దేరాం. వెనక పీకో దీవి అగ్నిపర్వతం, 2,351 మీటర్ల ఎత్తున, చాలాసేపు కనిపిస్తూనే ఉంది. నైరుతిగా గంటసేపు పోయాక ఇంజన్ ఆపారు. చుట్టూ ఖాళీ నీళ్లే. లోతు కొలిచే సౌండర్ తెర మీద మాత్రం వెయ్యి మీటర్లు దాటిన లోతు చూస్తుండగానే రెండు వందలకు తగ్గిపోయింది. అదే కాండోర్ గట్టు, నీళ్లలో మునిగి ఉన్న కొండ. 2010లో ఇక్కడ అడుగు చేపల వేట ఆపేసి పరిశోధనకు ఉంచారు.

ఎర పని చూడ్డానికి తేలిక. చిల్లుల డబ్బాలో కానాగంతల్లాంటి నూనె చేపల ముక్కలు దట్టించి పడవ పక్కన వేలాడదీస్తారు. నూనె, రక్తం ప్రవాహంతో పోతాయి, పడవ గాలితో పోతుంది. ఈ రెంటికీ వేగం తేడా ఉంటేనే వాసన తీగలా సాగుతుంది. గాలి బొత్తిగా లేకపోతే ఎర పడవ కిందే మడుగు కడుతుంది, మరీ ఎక్కువైతే జాడ మధ్యలో తెగిపోతుంది. సొర అరగంటలో రావచ్చు, మూడు గంటలు పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు. ఆగిన పడవ ఊపే అసలు పరీక్ష. వాంతుల మాత్ర రేవులోనే వేసుకోవాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లోపల నిలవదు.

దిగాక తేలుబుడ్డి నుంచి వేలాడే బరువు తాడు పట్టుకుని ఎనిమిది, పది మీటర్ల లోతులో ఉండాలి. ముదురు రంగు చేతితొడుగులు తప్పనిసరి, తెల్లటి చేతులు ఎరముక్కల్లా కనిపిస్తాయి. ఇక్కడివాళ్లు తింతురేరా అనే నీలి సొర మొదట దూరంగా చుట్లు తిరుగుతుంది. తర్వాత మాస్క్ దాకా వచ్చి ముక్కుతో పరీక్షిస్తుంది. పైకి ఎక్కేటప్పుడు నిచ్చెన వైపే చూస్తూ దాన్ని మరిచిపోవడమే చాలామంది చేసే పొరపాటు.

మేం చూడదలచుకున్నది మూడు: పొడవు, ఆడా మగా, పళ్ల గాట్లు. నీళ్లలో మాస్క్ గుండా చూస్తే ఏదైనా మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది, మీటరున్నర సొర రెండు మీటర్లనిపిస్తుంది. అందుకే తాడుకు అర మీటరుకో ముడి వేశాం. సొర ఆ ముడుల పక్కనుంచి పోయినప్పుడే కొలత రాసుకోవాలి. మగదానికి కడుపు కింది రెక్కల లోపలి అంచున రెండు వేళ్లలాంటి క్లాస్పర్లు, అంటే సంభోగ అవయవాలు, ఉంటాయి. కుర్ర మగవాటిలో అవి పొట్టిగా, మెత్తగా ఉంటాయి. పక్కనుంచి చూస్తే కనిపించవు, దాంతో మగ కూనలన్నీ ఆడ లెక్కలోకి పోతాయి. కిందనుంచి తీసిన ఫొటో లేకపోతే “తెలియదు” అని రాయడమే నిజాయితీ. పోయిన సొర మళ్లీ వస్తుంది కాబట్టి రెక్క చీలికలు, మచ్చలు రెండు పక్కలా ఫొటో తీయకపోతే ఒక్కదాన్నే నాలుగుగా లెక్కేస్తాం.

మాకు రెండు మీటర్లు దాటింది ఒక్కటీ కనిపించలేదు. అందులో ఆశ్చర్యం లేదు, అజోర్స్ చుట్టుపక్కల నీళ్లు ఉత్తర అట్లాంటిక్ నీలి సొరలకు పిల్లలు పెరిగే చోటు. ఆడది ఒక ఈతకు సాధారణంగా ముప్ఫై పైచిలుకు, ఒక్కోసారి వందకు మించి కూనల్ని కంటుంది. పుట్టినప్పుడు అవి 35 నుంచి 50 సెంటీమీటర్లు. ఉపగ్రహ ట్యాగులు వేసి చూస్తే చిన్నవి ఈ ప్రాంతాన్ని అంటిపెట్టుకుని ఉండటం, పెద్దయ్యేకొద్దీ ఆడవి ఒక దారి, మగవి ఒక దారి పట్టడం కనిపించింది. ఇంగ్లండ్ నైరుతి తీరంలో గాలానికి పడేవి ఎక్కువగా కుర్ర ఆడవే. సంభోగంలో మగది కొరికి పట్టుకుంటుంది కాబట్టి ఎదిగిన ఆడదాని చర్మం మగదానికంటే రెండింతలకు పైగా మందం. మేం చూసిన కుర్ర సొరల మీద ఆ గాట్లు లేవు.

ట్యాగుల్లోనూ మెలికలున్నాయి. వీపు రెక్కకు బిగించేది రెక్క నీటి పైకి లేచినప్పుడే ఉపగ్రహానికి కబురు పంపుతుంది. ఊడి పైకి తేలే రకం వెలుతురును బట్టి చోటు లెక్కిస్తుంది: మధ్యాహ్నం ఎప్పుడైందో చూసి రేఖాంశం, పగటి పొడవును బట్టి అక్షాంశం. సెప్టెంబరు మూడో వారంలో పగలు అన్ని చోట్లా దాదాపు ఒకటే కాబట్టి అక్షాంశం పూర్తిగా దారి తప్పుతుంది. ఆ వారాల చుక్కలు చూసి “సొర దక్షిణానికి పోయింది” అనుకోకూడదు.

సొరలన్నీ ఒకే మందా, వేర్వేరు మందలా అని జన్యువుల్ని బట్టి తేల్చేదగ్గర తికమక ఇంకా ఎక్కువ. అనుమతి ఉన్నవాళ్లు గోరంత రెక్క ముక్క తీసి, దానికి కనీసం ఐదింతల 95 శాతం ఇథనాల్ (ఆల్కహాల్)లో వేసి, మర్నాడు ఇథనాల్ మారుస్తారు. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి, సిరా కరిగిపోతుంది. ఒకే తల్లి కడుపులోని కూనల్ని పది తీసుకుంటే వచ్చేది చుట్టరికం, జనాభా తేడా కాదు. ఇంత జాగ్రత్తపడ్డా, మహాసముద్రాల మధ్య నీలి సొరల్లో దొరికే తేడా చాలా స్వల్పం. దాంతో “ప్రపంచమంతా ఒకే మంద” అనేస్తారు. అది తొందరపాటు. మంద చాలా పెద్దదైతే జన్యువులు విడిపోవడానికి వేల తరాలు పడుతుంది. తరానికి కొన్ని సొరలు అటూ ఇటూ దాటినా జన్యువులు కలిసిపోతాయి. వేటలో పోయిన వేల సొరల చోటు భర్తీ చేయడానికి ఆ కొన్ని ఏ మూలకూ చాలవు.

అమెరికాలో 1962లో మొదలైన జాలర్ల ట్యాగుల కార్యక్రమంలో సముద్రం అడ్డంగా దాటినవి చాలా ఉన్నా, భూమధ్యరేఖ దాటినవి అరుదు. అట్లాంటిక్ వేటను చూసే ఐకాట్ సంస్థ 5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర గీత గీసి, ఉత్తర, దక్షిణ మందల్ని విడిగా లెక్కిస్తుంది. ఉత్తరానికి 2019లో 39,102 టన్నుల హద్దు పెట్టి, 2023లో 30,000కు తగ్గించింది. గీత కచ్చితంగా అక్కడే ఉండాలా అన్నది వేరే మాట, అసలు గీతే లేకపోవడం కంటే నయం. (తింటారా అంటే, తింటారు. స్పెయిన్‌లోని వీగో రేవు దీనికి పెద్ద బజారు. పట్టగానే రక్తం తీసి మంచులో పెట్టకపోతే మాంసంలోని యూరియా అమ్మోనియాగా మారి కంపు కొడుతుంది.)

చివర్లో వచ్చినదాని నోటి కుడి మూల లాంగ్‌లైన్ (వందల గాలాలు కట్టిన పొడవాటి వేట తాడు) గాలం, జానెడు తెగిన తీగతో వేలాడుతూ ఉంది. కుడి పక్క ఫొటో దొరికింది, ఎడమ పక్క దొరకలేదు. డబ్బా పైకి లాగాక అది మరో రెండు చుట్లు తిరిగి కిందికి పోయింది.