డిసెంబరు నెలంతా డిసెంగేజ్‌మెంట్లే

కాలిఫోర్నియాలో సెల్ఫ్ డ్రైవింగ్ కార్లను రోడ్ల మీద పరీక్షించే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు ఏటా జనవరి 1లోగా ఇవ్వాల్సిన నివేదిక నిన్ననే పంపాం. ఒళ్లు మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను.

అనుమతి పెద్ద విషయం కాదు. 50 లక్షల డాలర్లకు బీమా గానీ పూచీ గానీ చూపాలి. టెస్ట్ డ్రైవర్లకు శిక్షణ ఇవ్వాలి, వాళ్లపై పదేళ్లలో తాగి నడిపిన కేసు ఉండకూడదు. డబ్బుంటే అన్నీ జరిగిపోతాయి.

ప్రాణం తీసింది డిసెంగేజ్‌మెంట్ నివేదిక. డిసెంబరు 1 నుంచి మరుసటి నవంబరు 30 వరకు, ప్రతి డిసెంగేజ్‌మెంటూ, అంటే కారు తడబడి డ్రైవరు స్టీరింగ్ అందుకోవాల్సి వచ్చిన ప్రతి సందర్భమూ, అందులో ఉండాలి. కారణం సాంకేతిక జ్ఞానం లేనివారికీ అర్థం కావాలి. నేను 'వస్తు వర్గీకరణలో వైఫల్యం' అని రాశాను. అందులో అబద్ధమేమీ లేదు. మా లీగల్ విభాగం పెద్దావిడ నిండు సమావేశంలో ఆ ముక్క పైకి చదివి, "రోడ్డు మీద ఏం జరిగిందో దీన్నిబట్టి ఎవరైనా చెప్పగలరా?" అన్నారు. ఎవరూ నోరు మెదపలేదు. నేను పని నేర్పిన కుర్రాళ్లు కూడా తలలు దించుకున్నారు!

మళ్లీ వీడియోల ముందు కూర్చున్నాను. సన్నగా వాన. రోడ్డు మరమ్మతు దగ్గర కార్మికుడు 'ఆగు' పలకను పక్కకు వాల్చి, ఇంకో చేత్తో కాఫీ తాగుతున్నాడు. కారుకు పలక అంచు మాత్రమే కనిపించి ముందుకు కదిలింది, డ్రైవరు బ్రేకు తొక్కాడు. ఇలా ప్రతిదానికీ ఒక కథ రాయాలి.

ఇంత రాస్తే పత్రికలు చూసేది ఒక్క అంకెనే: ఎన్ని మైళ్లకు ఒక డిసెంగేజ్‌మెంట్ అని. ఖాళీ రోడ్ల మీద తిప్పినవాడికీ, శాన్ ఫ్రాన్సిస్కో ఇరుకు వీధుల్లో తిప్పినవాడికీ ఒకటే తూకమా?

2015లో గవర్నర్ డగ్ డ్యూసీ ఉత్తర్వుతో తలుపులు బార్లా తెరిచిన అరిజోనాలో ఈ వార్షిక నివేదిక బెడద లేదు. అక్కడున్న స్నేహితుడు నన్ను చూసి నవ్వుతాడు. 2018 మార్చిలో టెంపీలో సైకిల్ నెట్టుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళ ఊబర్ పరీక్ష కారు కింద పడి చనిపోయిన సంగతి గుర్తుచేస్తే మాట మారుస్తాడు.

ఈ పని మీ నెత్తిన పడితే, ఏ రోజు సంగతి ఆ రోజు సాయంత్రమే డ్రైవరు చేత రాయించండి. మేం మొదలుపెట్టాం. మొదటి ప్రతిని ఆ పెద్దావిడకు మాత్రం చూపించడం లేదు.