దూడ సీరమ్, మన కణాలు

మూడు వారాల టెన్షన్ ఇవాళ తీరింది. మనిషి రక్తం నుంచి వేరు చేసి ల్యాబ్‌లో పెంచుతున్న మోనోసైట్లు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు), నేను ఏ మందూ వేయకముందే రెచ్చిపోయి ఉంటున్నాయి. తప్పు నా చేతిదేననుకుని సరిగ్గా నిద్ర కూడా పోలేదు. తీరా చూస్తే మారింది సీరమ్ బ్యాచ్!

కణాలను పెంచే ద్రవంలో 10 శాతం దాకా కలిపే ఈ సీరమ్‌ను కబేళాల్లో, చూడి ఆవుల కడుపులోని పిండాల రక్తం నుంచి తీస్తారు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 56 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేస్తే రక్తంలో ఉండి క్రిములపై దాడి చేసే కాంప్లిమెంట్ ప్రోటీన్లు పనిచేయవు గానీ, కొన్ని బ్యాక్టీరియాల పైపొర నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషం చెక్కుచెదరదు. అది రవ్వంత ఉన్నా మోనోసైట్లకు బ్యాక్టీరియా వచ్చిపడినట్టే. పైగా మన ఒంట్లో తయారుకాని ఒక రకం సియాలిక్ ఆమ్లాన్ని (కణాల పైన ఉండే ఒక చక్కెర అణువు) కూడా కణాలు ఆ సీరమ్ నుంచే తీసుకుని పైపొరలో పెట్టుకుంటాయి. మనిషి కణమే, ఒంటి మీద ఆవు గుర్తు.

రేపటి నుంచి మనిషి సీరమ్‌తో మళ్లీ మొదలుపెడుతున్నాను.