మా పండుకి షుగర్ వచ్చినప్పుడు

మా పిల్లి పండు నీళ్ళు ఎక్కువ తాగుతున్నాడని ముందు గమనించింది అమ్మ. పిల్లులు మామూలుగా నీళ్ళు తక్కువే తాగుతాయి. వీడేమో గిన్నె ఖాళీ చేసేసి బాత్రూంలో బకెట్ దగ్గరికి వెళ్ళేవాడు. ఇసుక పెట్టెలో మూత్రం గడ్డలు రోజురోజుకీ పెద్దవవుతున్నాయి. తిండి ఆవురావురుమని తినేవాడు, అయినా వీపు నిమిరితే వెన్నెముక చేతికి తగులుతోంది. "తిన్నది ఒంటికి పట్టట్లేదే. నాకు షుగర్ బయటపడినప్పుడు అచ్చం ఇలాగే ఉండేది" అంది అమ్మ. చివరికి ఆవిడ అన్నదే అయింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వాడి నడక. పిల్లి మునివేళ్ళ మీద నడుస్తుంది కదా, పండు వెనక కాళ్ళ మడమలు నేలకి ఆనించి ఈడ్చుకుంటూ నడిచేవాడు. షుగర్ చాలాకాలం ఎక్కువగా ఉంటే పిల్లులకి వెనక కాళ్ళ నరాలు దెబ్బతిని ఇలా అవుతుందట. సోఫా ఎక్కబోయి, ఆగిపోయి, నా మొహం వంక చూసేవాడు.

హైదరాబాద్‌లో మేం ఎప్పుడూ చూపించే పశువుల డాక్టరు గారు రక్తం తీస్తే 412 వచ్చింది. ఆయన ఆ ఒక్క అంకె చూసి మందు రాయలేదు. ఆస్పత్రికి తెచ్చిన భయానికే ఆరోగ్యంగా ఉన్న పిల్లికి కూడా షుగర్ 300 దాటవచ్చని చెప్పారు. అందుకని మూత్రం పరీక్ష చేసి, ఫ్రక్టోసమీన్ అనే ఇంకో రక్తపరీక్షకి పంపారు. అది గత ఒకటి రెండు వారాల్లో షుగర్ సగటున ఎలా ఉందో చెబుతుంది. రెండింటిలోనూ షుగరేనని తేలింది. నడివయసు దాటి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయ్యి, బరువెక్కిన మగపిల్లులకి ఇది ఎక్కువగా వస్తుందట. మనుషుల్లో టైప్ 2 లాంటిదే.

గ్లార్జిన్ ఇన్సులిన్ ఒక యూనిట్ చొప్పున పన్నెండు గంటలకోసారి ఇవ్వమన్నారు. డాక్టరు గారు ఆ రోజు చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తుంది: "షుగర్ ఒకపూట ఎక్కువుంటే ఏమీ కాదమ్మా. ఇన్సులిన్ ఎక్కువైతే మాత్రం గంటల్లో ప్రాణం మీదకొస్తుంది. చూడకుండా సూది వేయొద్దు. అనుమానం వస్తే ఆ పూటకి మానేయండి."

సిరంజిల గురించి కూడా ఆయన ముందే హెచ్చరించడం మంచిదైంది. మన దగ్గర ఎర్ర మూత సిరంజి మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి, నారింజ మూతది 100 యూనిట్లుండే ఇన్సులిన్‌కి. గ్లార్జిన్ 100 యూనిట్లది. ఎర్ర మూత సిరంజితో ఒక యూనిట్ గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది రెండున్నర యూనిట్లు. మందుల షాపులో నాకు మొదట ఇచ్చింది ఎర్ర మూతదే. వెనక్కిచ్చి మార్పించుకున్నాను. చిన్న ప్రాణానికి అంత తేడా చాలా పెద్దది.

ఇంట్లో రక్తం చూడటం అనగానే నాకు టెన్షన్ వచ్చింది, వాడు నన్ను ఇక దగ్గరికి రానివ్వడేమోనని. అలా ఏమీ జరగలేదు. పిల్లి చెవి అంచు వెంబడి సన్నని రక్తనాళం ఒకటి ఉంటుంది. దానికీ అంచుకీ మధ్య గుచ్చాలి. కాస్త బియ్యం వేడిచేసి సాక్సులో పోసి చెవికి ఆనించేదాన్ని. చెవి వెచ్చబడి గులాబీ రంగుకి తిరిగాక, వెంట్రుకలు తడిసి రక్తం పాకిపోకుండా వాజిలీన్ పలచగా రాసి, వెనక దూది పెట్టుకుని లాన్సెట్ అనే చిన్న సూదితో ఒక్క పోటు. ఆవగింజంత చుక్క ఉబికి వస్తుంది. స్ట్రిప్ దానికి ఆనిస్తే చాలు, అదే పీల్చుకుంటుంది. తర్వాత దూదితో కాసేపు నొక్కి పట్టాలి, లేకపోతే చెవి కమిలిపోతుంది. ఆ వెంటనే ఉడికించిన చికెన్ ముక్క ఒకటి. కొన్నాళ్ళకి మీటరు పెట్టె చప్పుడు వింటే చాలు, చికెన్ కోసం వాడే వచ్చి కూర్చునేవాడు.

మీటరు అమ్మదే. పిల్లుల కోసం ప్రత్యేకంగా చేసినవి ఉన్నాయి. మనుషుల మీటరు పిల్లి రక్తంలో షుగర్‌ని అసలు ఉన్నదానికంటే కొంచెం తక్కువ చూపిస్తుంది. ఆ సంగతి డాక్టరు గారికి తెలుసు కాబట్టి, ఎప్పుడూ అదే మీటరు వాడమని, దాని అంకెల్ని బట్టే డోసు చూస్తానని అన్నారు. సెలవు రోజుల్లో రెండు గంటలకోసారి సాయంత్రం దాకా చూసి, కాగితం మీద రాసి ఆయనకి ఫోటో పంపేదాన్ని. సూది వేశాక షుగర్ ఎంత కిందికి దిగుతోందో, ఎప్పుడు దిగుతోందో అందులోనే తెలుస్తుంది.

తిండి కూడా మారింది. గింజల్లా ఉండే పొడి తిండి ఆపి, పిండిపదార్థం తక్కువుండే తడి ఆహారం మొదలుపెట్టాం. అమ్మ పెట్టే పెరుగన్నం కూడా బంద్. పిల్లి అచ్చంగా మాంసాహారి, దాని నాలుకకి తీపి రుచే తెలియదు. అయితే ఇన్సులిన్ ఇస్తూ తిండి మారిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. అందుకే ఆ రోజుల్లో మరీ జాగ్రత్తగా చూసేవాళ్ళం. తేనె సీసా వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసింది. పిల్లి తూలుతున్నా నీరసంగా పడిపోయినా తేనె చిగుళ్ళకి రాసి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ఒక సాయంత్రం సూదికి ముందు చూస్తే 71. పండు ఎప్పటిలాగే గిన్నె చుట్టూ తిరుగుతూ అరుస్తున్నాడు, చూడటానికి ఏ తేడా లేదు. నేను మళ్ళీ గుచ్చి చూశాను, అంతే ఉంది. సూది వేయకుండా తిండి పెట్టి డాక్టరు గారికి ఫోన్ చేశాను. "మంచిదేనమ్మా, క్లోమం మళ్ళీ పనిచేస్తున్నట్టుంది" అన్నారు. షుగర్ ఎక్కువైపోయి చాలాకాలం ఉంటే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు అణిగిపోతాయట. షుగర్‌ని అదుపులో పెట్టి వాటికి విశ్రాంతి ఇస్తే కొన్ని పిల్లుల్లో తిరిగి కోలుకుంటాయి. ఆ రాత్రి అమ్మా నేనూ వంతులవారీగా లేచి చూశాం. ఆ పూట మామూలుగా సూది వేసేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

డోసు అర యూనిట్‌కి తగ్గించారు. అర యూనిట్ గీతలున్న సిరంజిలు వెతికి తెచ్చాం. తర్వాత అదీ అక్కర్లేకపోయింది. ఇన్సులిన్ లేకుండా కనీసం నాలుగు వారాలు షుగర్ మామూలుగా ఉంటేనే తగ్గినట్టు లెక్క అన్నారు. ఆ గడువు దాటాక అమ్మ గుడిలో కొబ్బరికాయ కొట్టి వచ్చింది. కాళ్ళు మాత్రం అంత తొందరగా బాగుపడలేదు. ముందు మడమలు కొద్దిగా లేచాయి, తర్వాత సోఫా, ఆ తర్వాత కిటికీ గట్టు. బీరువా మీదకి ఎగరడం ఇంకా రాలేదు.

అందరి పిల్లులకీ ఇలా ఇన్సులిన్ ఆగదు. కొన్నింటికి జీవితాంతం కావాలి, అవి కూడా హాయిగా బతుకుతాయి. పండుకి మళ్ళీ రావచ్చు కూడా. పంటి ఇన్ఫెక్షన్ వచ్చినా, బరువు పెరిగినా, స్టెరాయిడ్ ఇచ్చినా తిరగబెట్టే ప్రమాదం ఉంది. అందుకే కొత్త డాక్టరుకి చూపించాల్సి వస్తే వీడికి షుగర్ వచ్చి తగ్గిందని ముందే చెబుతాను. ఆదివారం ఆదివారం చెవి నుంచి ఒక చుక్క తీసి చూస్తున్నాం. నీళ్ళ గిన్నె మామూలుకంటే తొందరగా ఖాళీ అయితే మాత్రం ఆదివారం దాకా ఆగం, ఆ రోజే చూస్తాం.