ఐసీయూలో అందరూ కలిసి కూర్చున్న రోజు

మా నాయన న్యుమోనియాతో కర్నూలులోని ఒక ఆసుపత్రి ఐసీయూలో ఉన్న మొదటి ఆరు రోజులూ మాకు సమాచారం ముక్కలు ముక్కలుగానే అందింది. ఉదయం కిడ్నీ డాక్టరు, కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 5 నుంచి 3కు దిగిందనేవారు. సాయంత్రం ఊపిరితిత్తుల డాక్టరు వెంటిలేటరులో ఆక్సిజన్ ఇంకా పెంచామనేవారు. రాత్రి డ్యూటీ డాక్టరు ‘సీరియస్’ అని ఒక్క మాట చెప్పి సంతకం తీసుకునేవారు. ఎవరు విన్నది వారే పట్టుకోవడంతో, ఆదోని నుంచి వచ్చిన చిన్నాయనకూ మా అక్కకూ మాటలు లేకుండా పోయాయి.

ఏడో రోజు ఐసీయూ పెద్ద డాక్టరు, కిడ్నీ, ఊపిరితిత్తుల డాక్టర్లు, నాయనను చూసుకుంటున్న సిస్టరు మాతో ఒకే గదిలో కూర్చున్నారు. పెద్ద డాక్టరు ముందుగా “ఇప్పటివరకు మీకు ఏం అర్థమైందో చెప్పండి” అని అడిగి, అక్క చెప్పినదంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. క్రియాటినిన్ దిగింది డయాలిసిస్ వల్లే గాని కిడ్నీలు కోలుకుని కాదనీ, మానిటరు మీద మాకు ధైర్యం చెప్పిన బీపీని నిలబెడుతున్నది రోజురోజుకూ మోతాదు పెంచుతున్న నార్అడ్రినలిన్ అనే మందు అనీ అప్పుడు తెలిసింది. ఈ ఒక్క సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే చిన్నాయన అక్కను అన్ని మాటలు అనేవాడు కాదని నా బాధ. మత్తుమందు ఆపి పిలిచినా మూడు రోజులుగా నాయన కళ్లు తెరవడం లేదని సిస్టరు మెల్లగా చెప్పింది.

“ఆయనే మాట్లాడగలిగితే ఏమనేవారు?” అని డాక్టరు అడిగారు. చాలాసేపటికి చిన్నాయన, “మంచాన పడి ఒకరితో చేయించుకునేది వద్దనేటోడు సార్” అన్నాడు.

మరో మూడు రోజులు చికిత్స పూర్తిగా సాగించి, బీపీ నిలబెట్టే ఆ మందు మోతాదు తగ్గుతుందో లేదో చూసి మళ్లీ కూర్చుందామని నిర్ణయించారు. ప్రాణాధార చికిత్స ఆపాలంటే 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పు, 2023లో దానికి చేసిన సవరణల ప్రకారం రెండు వైద్య బోర్డులు ఒప్పుకోవాలనీ, అది ఒక్క డాక్టరో ఒక్క బంధువో తేల్చేది కాదనీ వివరించారు. నిర్ణయం మొత్తం తన మెడకే చుట్టుకుంటుందని భయపడుతున్న అక్క అప్పటికి కాస్త ఊపిరి తీసుకుంది.

బోర్డుల దాకా రాలేదు. మూడో రోజు తెల్లవారుజామున బీపీ పడిపోతుంటే, ఒక్కరికే అనుమతి ఉన్న ఆ గదిలోకి సిస్టరు అక్కనూ చిన్నాయననూ ఇద్దరినీ పిలిచింది.