ఇంజిన్ చప్పుడు ఎప్పుడు వస్తోంది?

ఇంజిన్‌లో కొత్త చప్పుడు వినిపించినప్పుడు మనలో చాలామంది మెకానిక్ దగ్గరకు వెళ్లి దాన్ని నోటితో అనుకరించి చూపిస్తారు. అది ఉదయం స్టార్ట్ చేసిన వెంటనే వస్తోందా, వేడెక్కాక వస్తోందా, నిలబెట్టి రేస్ చేసినా పెరుగుతోందా, బండి కదిలితేనే వినిపిస్తోందా అన్న వివరాలు చెబితే, బానెట్ ఎత్తకముందే సగం వెతుకులాట పూర్తవుతుందని నా గట్టి నమ్మకం.

ముందుగా తేల్చుకోవలసింది, చప్పుడు ఇంజిన్ వేగాన్ని అనుసరిస్తోందా, చక్రాల వేగాన్ని అనుసరిస్తోందా అన్నది. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్తూ నాలుగో గేరు నుంచి మూడో గేరుకు మార్చినా చప్పుడు మారకపోతే, వీల్ బేరింగ్‌నో టైరునో అనుమానించాలి. న్యూట్రల్‌లో ఉండగా క్లచ్ తొక్కితేనే మొదలయ్యే గరగర సాధారణంగా క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్‌ది. తొక్కగానే ఆగిపోయేదైతే ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌లోకి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ను చూడాలి.

రాత్రంతా నిలిచిన ఇంజిన్‌లో ఆయిల్ అడుగున ఉండే సంపులోకి దిగిపోతుంది కనుక, ఉదయాన్నే ఒకటి రెండు సెకన్ల పాటు పైభాగం టకటకమనడం ఆందోళన పడవలసిన విషయం కాదు. అయితే అది గలగలమంటూ రోజురోజుకూ ఎక్కువసేపు సాగుతుంటే వాల్వ్‌లను సమయానికి తెరిపించే టైమింగ్ చైన్ సాగిందేమో, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ బలహీనపడిందేమో పరీక్షించాలి. మన రోడ్ల మీద విరివిగా కనిపించే స్విఫ్ట్ 1.2 లీటర్ల కె సిరీస్ పెట్రోల్ ఇంజిన్‌లో ఈ పనికి ఉన్నది బెల్ట్ కాదు, చైనే. టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే రకమైతే, విడిభాగాల ఖర్చుకు ఒప్పుకొనే ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూసుకోవడం తప్పనిసరి. చల్లగా ఉన్నప్పుడు టిక్కుటిక్కుమని, వేడెక్కాక తగ్గిపోయే మరో చప్పుడు ఇంజిన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకు వల్ల కూడా రావచ్చు. లోహం వ్యాకోచించినప్పుడు ఆ సందు మూసుకుపోతుంది.

వానాకాలం ఉదయాల్లో వినిపించే కీచుమనే శబ్దం చాలావరకు బయటి బెల్ట్‌దే. ఏసీ వేయగానే పెరిగితే అనుమానం మరింత బలపడుతుంది. దుస్తులు, చేతులు దూరంగా ఉంచి బెల్ట్ గాడుల వైపు కొద్దిగా నీళ్లు స్ప్రే చేసినప్పుడు కీచు ఎక్కువైతే బెల్ట్ వదులై జారుతోందని, కాసేపు మాయమైతే పుల్లీల వరుస తప్పిందని అర్థం చేసుకోవచ్చు.

తిరుమల, అరకు వంటి ఘాట్ రోడ్ల మీద పై గేరులో యాక్సిలరేటర్ నొక్కినప్పుడు గోళీలు రాలినట్టు వినిపించేది ఇంధనం సిలిండర్‌లో అదుపు తప్పి మండుతున్న చప్పుడు. ఒక గేరు తగ్గించగానే అది పోవాలి. పోకపోతే కార్బన్ పేరుకోవడం, సరిపడని స్పార్క్ ప్లగ్, ఈ చప్పుడును పసిగట్టే నాక్ సెన్సర్ లోపం వంటి కారణాలను వెతకాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా గుర్తించవలసినది, పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ చప్పుడు. వాల్వ్‌లను తెరిపించే క్యామ్‌షాఫ్ట్, క్రాంక్‌షాఫ్ట్ వేగంలో సగంతోనే తిరుగుతుంది కనుక 800 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో వాల్వ్‌ను నొక్కే ఒక టాపెట్ నిమిషానికి 400 సార్లే కొట్టుకుంటుంది. రాడ్ చప్పుడు మాత్రం క్రాంక్ వేగాన్నే అనుసరిస్తూ, కింది భాగం నుంచి మొద్దుగా, లోతుగా వస్తుంది. దానితోపాటు ఆయిల్ లైటు వెలిగితే ఇంజిన్ అక్కడే ఆపేసి బండిని టోయింగ్ చేయించాలి. షెడ్డులో కొద్దిసేపు ఇంజిన్ నడిపి ఇంజెక్టర్ కనెక్టర్లను ఒక్కొక్కటిగా తీసినప్పుడు, దేన్ని తీస్తే చప్పుడు తగ్గుతుందో ఆ సిలిండర్ రాడ్ బేరింగ్‌నే ముందుగా విప్పి చూస్తారు. బేరింగ్ షెల్స్ మారిస్తే చాలునని చెబితే, అంతకుముందు ఆ బేరింగ్ కూర్చునే క్రాంక్‌షాఫ్ట్ భాగాన్ని, అంటే క్రాంక్ జర్నల్‌ను, మైక్రోమీటర్‌తో కొలిచి కంపెనీ నిర్దేశించిన కొలతతో పోల్చి చూపించమని తప్పక అడగండి.